వందేళ్ల వరదను లెక్కకట్టడం ఎలా?

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల వరదను చూసినవాళ్లూ, 1990లో వచ్చిన 70.8 అడుగులు గుర్తున్నవాళ్లూ అప్పుడు అడిగిన ప్రశ్న ఒకటే: ఇంత నీరు మళ్లీ ఎప్పుడొస్తుంది? ఎప్పుడొస్తుందో చెప్పే గణితం లేదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం ఎంత అన్నది చెప్పే గణితం మాత్రం ఉంది. ఇంటర్మీడియట్ స్థాయి లెక్కలు, ఒక ఎక్సెల్ షీటు, కాస్త ఓపిక ఉంటే మీ ఊరికి మీరే వేసుకోవచ్చు. వేసుకోవాలి కూడా. 'ఇది వందేళ్లకోసారి వచ్చే వరద, భయం లేదు' అని ఎవరైనా అంటే, ఆ మాట వెనక ఎన్నేళ్ల రికార్డు ఉంది, ఆ అంకె అటూ ఇటూ ఎంత జరగొచ్చు అని అడగగలిగేవాళ్లు ప్రతి ఊళ్లో నలుగురైనా ఉండాలి.

ముందు ప్రశ్నను బిగించండి

'మా ఊరికి వరద ముప్పు ఎంత?' అంటే లెక్కకు అందదు. నాలుగు సంగతులు తేల్చుకోండి: ఏ చోట, ఏ కొలత, ఎంత దాటితే, ఎన్నేళ్లలో. 'భద్రాచలం గేజీ దగ్గర గోదావరి నీటిమట్టం రాబోయే 20 ఏళ్లలో ఒక్కసారైనా 70 అడుగులు దాటే అవకాశం ఎంత?' అంటే అది లెక్కకు లొంగే ప్రశ్న. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. మీకు కావలసిన హద్దు వీటిలో ఒకటి కావాలని లేదు. మీ వీధిలోకి నీళ్లు ఎక్కడ మొదలవుతాయో, మీ ఆసుపత్రి జనరేటరు ఏ ఎత్తున ఉందో, దాన్నే హద్దుగా పెట్టుకోండి.

రికార్డు సంపాదించండి, నమ్మే ముందు ప్రశ్నించండి

నదుల నీటిమట్టాలు, ప్రవాహాలు కేంద్ర జల సంఘం కొలుస్తుంది. వాటిలో చాలావరకు ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ అనే ప్రభుత్వ జలవనరుల వెబ్‌సైటులో దొరుకుతాయి. వాన లెక్కలు భారత వాతావరణ శాఖవి. పుణెలోని వాళ్ల కార్యాలయం 1901 నుంచీ దేశాన్ని చిన్న చిన్న గడులుగా విభజించిన రోజువారీ వర్షపాతం ఇస్తుంది. గడుల లెక్కతో ఒక చిక్కుంది. ఒక్క చోట కుంభవృష్టి కురిసి పది కిలోమీటర్ల అవతల జల్లు పడితే, గడి లెక్కలో అదంతా సగటులో కలిసిపోతుంది. విపరీతాల కోసం వెతికేవాళ్లకు అసలు వర్షమాపక కేంద్రం రికార్డే మేలు.

రికార్డు చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. నా లెక్కలో మొత్తం శ్రమలో సగానికి పైగా ఇక్కడే పెట్టాలి. వాతావరణ శాఖ 'రోజు' అంటే ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా కురిసిన వాన రెండు రోజుల ఖాతాల్లోకి చీలిపోతుంది. అందుకే రోజువారీ గరిష్ఠాన్ని అసలైన 24 గంటల గరిష్ఠంగా మార్చేటప్పుడు సుమారు 13 శాతం కలపడం ఇంజనీర్లలో వాడుక. నది రికార్డుల్లో ఇంకో తేడా చూడండి: కొన్ని సముద్రమట్టం నుంచి మీటర్లలో ఉంటాయి, వార్తల్లో వచ్చేది స్థానిక గేజీ మీద అడుగులు. రెండూ ఒకే కాలమ్‌లో కలిపేస్తే ఆ తర్వాత ఏ సూత్రం వేసినా వృథా. పాత ఏళ్లలో రోజుకు ఒక్కసారే రీడింగు తీసి ఉంటే, అర్ధరాత్రి వచ్చిపోయిన పతాక స్థాయి అందులో ఉండదు. వరద ముదిరినప్పుడు గేజీయే కొట్టుకుపోయి ఆ ఏడాది గడి ఖాళీగా ఉంటే, దాన్ని 'డేటా లేదు' అని దాటేయకండి. లేనిది చిన్న ఏడాది కాదు, బహుశా అన్నిటికంటే పెద్ద ఏడాది. పాత పత్రికలు, గుడి గోడ మీద గీతలు, ఊళ్లో పెద్దవాళ్ల జ్ఞాపకం, ఏ దారినైనా ఆ ఖాళీ నింపే ప్రయత్నం చేయండి.

ఒక్కోసారి నదే మారిపోతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తి వేలమందిని బలితీసుకుంది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. కాబట్టి నగరం దగ్గర 1908 ప్రవాహాన్నీ 1960 ప్రవాహాన్నీ ఒకే వరుసలో రాయకూడదు, అవి రెండు వేరు నదులు. గోదావరికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఎగువన ఆనకట్టలు వచ్చిన ఏడాది, దిగువన పోలవరం పనులు నది దారిని మళ్లించిన ఏడాది నోట్ చేసుకుని, ఒకే నీటిమట్టానికి ఒకే ప్రవాహం అన్న పాత లంకె ఇంకా నిలిచిందో లేదో చూడండి. 1986లో 75.6 అడుగులకు సుమారు 27 లక్షల క్యూసెక్కులు, 2022లో 71.3 అడుగులకు 24 లక్షల పైచిలుకు. ఇలాంటి జతలు పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే ఎక్కడైనా లంకె తెగితే కంటికే కనబడుతుంది.

ఏడాదికి ఒక్క అంకె తీయండి

జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక నీటి సంవత్సరంగా తీసుకుని, ప్రతి ఏడాదిలోనూ అతి పెద్ద విలువను ఒక్కదాన్నే రాసుకోండి. జనవరి నుంచి డిసెంబరు అని తీసుకుంటే, ఈశాన్య రుతుపవనాల వాన ఏడాది సరిహద్దులో పడినప్పుడు ఒకే వర్షకాలం రెండు ముక్కలవుతుంది. ముప్పై ఏళ్ల కన్నా తక్కువ ఉంటే వందేళ్ల అంకె జోలికి వెళ్లకండి. పదేళ్ల, ఇరవై ఏళ్ల అంకెతో ఆగిపోండి.

సూత్రాల కన్నా ముందు ఊరికే లెక్కపెట్టండి. 1986, 1990, 2022లో భద్రాచలంలో 70 అడుగులు దాటింది. 1986 నుంచి 2022 దాకా 37 ఏళ్లలో మూడుసార్లు, అంటే పన్నెండేళ్లకోసారి అనిపిస్తుంది. 1991 నుంచి 2021 దాకా తీసుకుంటే 31 ఏళ్లలో ఒక్కసారి కూడా లేదు, అసలు రానే రాదనిపిస్తుంది. రెండూ తప్పే. మొదటిది పెద్ద వరదతో మొదలెట్టి పెద్ద వరదతో ముగించింది, రెండోది రెండు పెద్ద వరదల మధ్య ఖాళీని ఏరుకుంది. కిటికీ ఎక్కడ తెరవాలో సంఘటనను చూసి నిర్ణయించకూడదు. రికార్డు ఎప్పుడు మొదలైందో అక్కడి నుంచే తీసుకోవాలి. 1976 నుంచి 2024 దాకా 49 ఏళ్లు తీసుకుంటే మూడు సంఘటనలు, సుమారు పదహారేళ్లకోసారి. మూడే సంఘటనలు కాబట్టి ఈ పదహారు కూడా గట్టిది కాదు. అరుదైన సంఘటనలను లెక్కకట్టే పాయిసాన్ పద్ధతిలో 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఆరేళ్లకోసారి మొదలు ఎనభై ఏళ్లకోసారి దాకా ఏదైనా కావచ్చు. ఇంత వెడల్పా అని నిరాశపడకండి. ఈ వెడల్పును కొంతైనా తగ్గించడానికే తర్వాతి మెట్లు.

వరుసలో పేర్చండి, గంబెల్ గీత గీయండి

ఏటా గరిష్ఠాలను పెద్దదాని నుంచి చిన్నదాకా పేర్చి 1, 2, 3 అని ర్యాంకులు వేయండి. ర్యాంకును (ఏళ్ల సంఖ్య + 1)తో భాగిస్తే, ఆ విలువను ఏదైనా ఒక ఏడాది దాటే అవకాశం ఉజ్జాయింపుగా వస్తుంది. 40 ఏళ్ల రికార్డులో మొదటి ర్యాంకుకు 1/41, అంటే సుమారు 2.4 శాతం. రికార్డు పొడవు లోపల ఇది చాలు. అంతకు మించి వెళ్లాలంటే గణిత నమూనా (మోడల్) కావాలి.

మామూలు కొలతలకు గంట ఆకారపు వక్రం సరిపోతుంది. గరిష్ఠాలకు అది పనికిరాదు, ఎందుకంటే వాటి తోక, అంటే అరుదైన పెద్ద విలువలుండే కొస, కుడివైపు సాగి ఉంటుంది. గణితవేత్తలు ఫిషర్, టిప్పెట్ 1928లో, గ్నెడెంకో 1943లో తేల్చింది ఇది: మూల కొలత ఏ రకమైనదైనా సరే, దాని గరిష్ఠాలు స్థిరపడితే చివరికి మూడే మూడు కుటుంబాల్లోకి చేరతాయి. వాటిలో సులువైనదాన్ని ఎమిల్ గంబెల్ 1940ల్లో వరదలకు వాడి చూపించాడు. చేత్తో వేసుకోవడానికి ఇది చాలు:

వ్యాప్తి = 0.78 × ప్రామాణిక విచలనం
కేంద్రం = సగటు − 0.577 × వ్యాప్తి
కావలసిన విలువ = కేంద్రం + గుణకం × వ్యాప్తి

గుణకం పదేళ్లకు 2.25, యాభై ఏళ్లకు 3.90, వందేళ్లకు 4.60, ఐదొందల ఏళ్లకు 6.21.

ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు అభ్యాసం కోసం ఊహించుకున్నవి, ఏ ఊరివీ కావు. నలభై ఏళ్ల రికార్డులో ఏటా అతి పెద్ద ఒక్కరోజు వాన సగటు 110 మి.మీ., ప్రామాణిక విచలనం 45 మి.మీ. అనుకోండి. వ్యాప్తి 35.1, కేంద్రం 89.75. పదేళ్ల వాన 169 మి.మీ., యాభై ఏళ్ల వాన 227, వందేళ్ల వాన 251. తిరగేసి కూడా అడగొచ్చు: 200 మి.మీ. దాటే అవకాశం ఎంత? 200లోంచి 89.75 తీసి 35.1తో భాగిస్తే 3.14. ఎక్సెల్‌లో ఎక్స్‌పోనెన్షియల్ ఫంక్షన్‌లో మైనస్ 3.14 పెడితే 0.0432 వస్తుంది. మళ్లీ మైనస్ 0.0432 పెట్టి, వచ్చినదాన్ని 1లోంచి తీసేస్తే 0.042. ఏటా 4.2 శాతం, అంటే ఇరవై నాలుగేళ్లకోసారి.

ఇప్పుడు ర్యాంకులతో వచ్చిన చుక్కలనూ ఈ గీతనూ ఒకే గ్రాఫు మీద పెట్టండి. పైకొసన చుక్కలు వరుసగా గీత మీదికి ఎగబాకుతుంటే గంబెల్ మీ రికార్డుకు చాలదని అర్థం. అప్పుడు ఆ పెద్ద చుక్కను 'ఏదో అసాధారణం' అని కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేయకండి. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిపడింది. అలాంటి అంకెను రికార్డులోంచి తీసేస్తే గ్రాఫు అందంగా ఉంటుంది, డ్యాము కింద ఊళ్లకు మాత్రం అది అబద్ధం చెబుతుంది.

అటూ ఇటూ ఎంత?

నేను బతిమాలి అయినా చేయించాలనుకునే మెట్టు ఇది. 251 అన్న ఒంటరి అంకెను ఎవరికీ ఇవ్వకండి. పద్ధతి సులువే. మీ నమూనా నుంచి కంప్యూటరుతో నలభై ఏళ్ల కల్పిత రికార్డులు వెయ్యి పుట్టించండి. ఒక్కోదానికీ మళ్లీ గంబెల్ వేసి, వందేళ్ల వాన తీయండి. వచ్చిన వెయ్యి జవాబులను పేర్చి, అడుగున 25, పైన 25 వదిలేయండి. మిగిలినదే మీ పరిధి. పై ఉదాహరణకు సూత్రంతో వేస్తే సుమారు 196 నుంచి 306 మి.మీ. దాకా వస్తుంది. 251కి కాలువ కడతారా, 306కి కడతారా అన్నది డబ్బుతోనూ ప్రాణాలతోనూ ముడిపడిన నిర్ణయం. నా మట్టుకు ఆసుపత్రి, సబ్‌స్టేషను, తాగునీటి పంపులకు పై కొస అంకెనే తీసుకోవాలంటాను. పొలానికి మట్టిగట్టు వేసుకోవడానికైతే మధ్య అంకె చాలు.

తోక ఎంత బరువు?

గంబెల్‌కు ఒక పెద్ద పరిమితి ఉంది: తోక ఆకారాన్ని అది ముందే నిర్ణయించేస్తుంది. మూడు కుటుంబాలనూ కలిపిన సాధారణ రూపాన్ని జీఈవీ అంటారు. అందులో కేంద్రం, వ్యాప్తితో పాటు ఆకార సంఖ్య ఒకటి ఉంటుంది. అది సున్నా అయితే గంబెల్, ధనమైతే బరువైన తోక, ఋణమైతే ఒక హద్దు దాటని తోక. పై లెక్కలో కేంద్రం, వ్యాప్తి అవే ఉంచి ఆకార సంఖ్యను 0.1 చేయండి. పదేళ్ల వాన 169 నుంచి 178కి మాత్రమే పెరుగుతుంది. వందేళ్లది 251 నుంచి 295కి, ఐదొందల ఏళ్లది 308 నుంచి 392కి ఎగబాకుతుంది. దగ్గరి ఏళ్లలో రెండు నమూనాలూ ఒక్కలాగే కనబడతాయి, తేడా అంతా మనకు ప్రాణగండం ఉన్న చోటే. 1999 డిసెంబరులో వెనిజులా తీరంలో ఒక్కరోజులో 410 మి.మీ. వాన పడి, వర్గాస్ రాష్ట్రంలో కొండచరియలు విరిగి వేలమంది పోయారు. అంతకుముందటి రికార్డుకు గంబెల్ వేసినవాళ్లకు అంత వాన దాదాపు అసంభవంగా కనిపించింది.

జీఈవీని చేత్తో వేయడం కష్టం. ఆర్ భాషలో ఎక్స్‌ట్రీమ్స్ ప్యాకేజీ, పైథాన్‌లో సైపై వాడండి. ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది: సైపైలో ఆకార సంఖ్య గుర్తు ఆర్‌లో ఉన్నదానికి తలకిందులు. ఒకదాంట్లో ప్లస్ 0.1 అన్నది రెండోదాంట్లో మైనస్ 0.1. చూసుకోకపోతే బరువైన తోకను తేలికైన తోకగా రిపోర్టులో రాసేస్తారు. రికార్డు చిన్నదైతే, పేర్చిన విలువల నుంచి ఈ సంఖ్యలను అంచనా కట్టే ఎల్-మూమెంట్స్ పద్ధతి కాస్త నిలకడగా ఉంటుంది. అదే వాతావరణం ఉన్న పక్క స్టేషన్లను కలిపి ఒకే ఆకార సంఖ్య తీయడం ఇంకా మేలు.

ఏడాదికి ఒక్కటే తీయడం వల్ల రెండు పెద్ద వరదలొచ్చిన ఏడాదిలో రెండోది వృథా అవుతుంది. అలా కాకుండా ఒక హద్దు దాటినవన్నీ తీసుకునే పద్ధతి ఉంది, ఎంత మేర దాటిందో ఆ విలువలకు సాధారణీకృత పారెటో అనే వక్రాన్ని అమర్చుతారు. హద్దును కొంచెం అటూ ఇటూ జరిపినా జవాబు పెద్దగా కదలకూడదు, అదే సరైన హద్దుకు గుర్తు. ఒకే వరద నాలుగు రోజులు 53 అడుగుల పైన నిలిస్తే అది నాలుగు వరదలు కాదు, ఒకటే. మధ్యలో నది బాగా తగ్గి మళ్లీ పెరిగితేనే రెండోదిగా లెక్కించండి.

కాలం మారుతోందా?

ఇప్పటిదాకా చేసినదంతా గడిచిన నలభై ఏళ్లూ రాబోయే నలభై ఏళ్లూ ఒకే తీరన్న నమ్మకం మీద నిలబడింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కాబట్టి ఆ నమ్మకాన్ని పరీక్షించండి. రికార్డును రెండు సగాలు చేసి విడివిడిగా అమర్చి చూడండి, విలువలు కాలంతో పెరుగుతున్నాయో లేదో చూసే మాన్-కెండాల్ పరీక్ష వేయండి. పెరుగుదల కనబడితే కేంద్రాన్ని ఏడాదితో పాటు మారనిచ్చే జీఈవీ వేసి, రెండు నమూనాలనూ ఏఐసీ అంకెతో పోల్చండి (అది తక్కువ ఉన్న నమూనా మేలు). అయితే ముప్పై నలభై ఏళ్లలో నిజమైన పెరుగుదల కూడా గందరగోళంలో కనబడకపోవచ్చు. పరీక్షలో తేలనంత మాత్రాన మార్పు లేదని రాయకండి.

రెండు ముప్పులు కలిసొస్తే

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ డిజైన్ సామర్థ్యం 11.9 లక్షలు. ఇంకా కొంచెం ఉంది కదా అనుకునే లోపే విజయవాడ మునిగింది, అదీ బుడమేరు వాగు వల్ల. బుడమేరు నీటిలో కొంత మళ్లింపు కాలువ గుండా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీరు లోపలికి పోలేదు. పైగా రెండింటినీ నింపింది ఆ రోజుల్లో పడిన ఒకే వాన. ఇలాంటి చోట కృష్ణ అవకాశం 2 శాతం, బుడమేరు అవకాశం 2 శాతం, రెండూ కలిసి రావడం 0.04 శాతమని గుణించేస్తే ఘోరమైన తప్పు. ఆ గుణకారం రెండింటికీ సంబంధం లేనప్పుడే చెల్లుతుంది. మీ ఊళ్లో వాగు-నది, వాన-సముద్రపు పోటు, ఇలాంటి జత ఉంటే ఒకటి గరిష్ఠంగా ఉన్న రోజున రెండోది ఎంత ఉందో ప్రతి ఏడాదికీ ఒక పట్టిక రాయండి. రెండు కొలతల మధ్య సంబంధాన్ని పట్టే కోపులా వంటి నమూనాల దాకా వెళ్లలేకపోయినా, పదిసార్లలో ఆరుసార్లు రెండూ కలిసే వస్తున్నాయంటే ఆ పట్టికే చెబుతుంది.

భూకంపాలకు ఏటా గరిష్ఠం పనికిరాదు, మన ప్రాంతంలో అవి మరీ అరుదు. అక్కడ గుటెన్‌బర్గ్-రిక్టర్ నియమం వాడతారు: తీవ్రత ఒక అంకె పెరిగితే సంఖ్య సుమారు పదో వంతుకు తగ్గుతుంది. చిన్నవాటి లెక్క నుంచి పెద్దవాటి అవకాశాన్ని అంచనా కడతారు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో 5.7, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 వచ్చాయి కాబట్టి గోదావరి లోయకు ఈ లెక్క అవసరమే. ఉప్పెనలకైతే పాత చరిత్రే పెద్ద ఆస్తి. 1977 నవంబరు 19 దివిసీమను అందరూ చెబుతారు, 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనను కూడా పట్టికలో చేర్చాలి. జపానులో 869 నాటి జోగన్ సునామీ ఆనవాళ్లు మట్టి పొరల్లో ఉన్నా, ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రానికి 2002లో అంచనా వేసిన సునామీ ఎత్తు 5.7 మీటర్లే. 2011లో వచ్చింది దాదాపు 15 మీటర్లు.

జవాబును ఎలా రాయాలి

'వందేళ్ల వరద' అన్న మాటను మీ కాగితం మీద ఒంటరిగా వదలకండి. నిన్న వచ్చింది కాబట్టి ఇంకో 99 ఏళ్లు రాదని వినేవాళ్లకు అర్థమవుతుంది. భద్రాచలంలో 1986 తర్వాత నాలుగేళ్లకే మళ్లీ 70 దాటింది. ఏటా 1 శాతం అని రాసి, పక్కనే మనిషి జీవితానికి సరిపోయే వ్యవధిలో రాయండి. రాని అవకాశాన్ని (0.99) ఎన్నేళ్లో అన్నిసార్లు గుణించి 1లోంచి తీసేయడమే. ఇరవై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతం, ముప్పై ఏళ్లలో 26, యాభై ఏళ్లలో 39.5. వందేళ్లలో కూడా నూరు శాతం కాదు, 63. కట్టడం యాభై ఏళ్లు నిలవాలి, ఆ లోపల ముప్పు 10 శాతం మించకూడదంటే 475 ఏళ్ల అంకెకు కట్టాలి. భూకంపాల లెక్కల్లో తరచూ కనబడే 475 ఇలా వచ్చిందే. 1953లో ఉప్పెన 1,836 మందిని పొట్టనబెట్టుకున్నాక నెదర్లాండ్స్ తన జనసాంద్రత ఎక్కువున్న తీరానికి పదివేల ఏళ్ల హద్దు పెట్టుకుంది. అంత దూరం ఏ రికార్డూ చెప్పలేదని వాళ్లకూ తెలుసు. ఎంత నష్టాన్ని భరించగలమన్న ప్రశ్నతో కలిపి ఆ అంకెను ఎంచుకున్నారు.

మీ జవాబులో కనీసం ఇవి ఉండాలి: ఏ గేజీ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ నమూనా, మధ్య అంకె, అటూ ఇటూ పరిధి, ఎన్నేళ్ల వ్యవధికి ఎంత శాతం, రికార్డులో అనుమానమున్న ఏళ్లేవి. ఒక పేజీ చాలు. దాన్ని పంచాయతీకో, కాలనీ సంఘానికో ఇచ్చేటప్పుడు మునిగే వీధుల పేర్లు కూడా రాయండి, అడుగుల లెక్క అందరికీ పట్టదు. ప్రతి మే నెలాఖరులో ఆ ఏటి గరిష్ఠాన్ని షీటులో చేర్చి, లెక్కంతా మళ్లీ నడపండి. జూన్‌లో కొత్త నీటి సంవత్సరం మొదలయ్యేసరికి తేదీ వేసిన కొత్త కాగితం పంచాయతీ గోడ మీద ఉండేలా చూడండి.